నీళ్లు తాగే జెల్‌తో ద్రావణాన్ని చిక్కబరచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉష్ణోగ్రతను బట్టి ఉబ్బి ముడుచుకునే పాలిమర్ జెల్‌తో పని మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ దాదాపు ఇవే అడుగుతున్నారు. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు ఉంచి, ఒక్కచోట రాసి పెట్టాను. వరుసగా చదవక్కర్లేదు. మీ పని ఎక్కడ ఆగిందో అక్కడ చూసుకోండి. వేరేగా చెప్పని చోటల్లా అంకెలు పీనైపామ్ జెల్‌వి, ఎందుకంటే ఎక్కువమంది వాడేది అదే.

## మొదలుపెట్టే ముందు

జెల్ వేస్తే ద్రావణం ఎలా చిక్కబడుతుంది? అదేమన్నా ప్రోటీన్‌ను పట్టుకుంటుందా?

పట్టుకోదు. అది పట్టుకునేది నీటిని. వలలా అల్లుకున్న పాలిమర్ లోపలికి నీళ్లు, వాటితో పాటు చిన్న అణువులు వెళ్లిపోతాయి. ప్రోటీన్ లాంటి పెద్ద అణువులకు ఆ కన్నాల్లో చోటు చాలదు, బయటే ఉండిపోతాయి. కాసేపాగి ఉబ్బిన గింజల్ని వడకట్టేస్తే, మొదటున్నంత ప్రోటీనే ఇప్పుడు తక్కువ నీళ్లలో ఉంటుంది. గింజల్ని వెచ్చబెడితే తాగిన నీళ్లలో చాలావరకు కక్కేసి ముడుచుకుంటాయి, వాటిని మళ్లీ వాడుకోవచ్చు. మీకు కావలసిన సరుకు ఎప్పుడూ జెల్ బయటే ఉంటుంది. అయినా వడకట్టిన ద్రవాన్ని పారబోసి, గింజల్ని భద్రంగా దాచుకున్నవాళ్లను నేనే ఇద్దర్ని చూశాను.

చల్లగా ఉంటే ఉబ్బడం, వేడికి ముడుచుకోవడం... ఇది తిరగబడినట్టు లేదా?

తిరగబడినట్టే అనిపిస్తుంది. పీనైపామ్ పూర్తిపేరు పాలీ ఎన్-ఐసోప్రొపైల్ అక్రిలమైడ్. దాని గొలుసులో అమైడ్ భాగానికి నీళ్లతో పొత్తు కుదురుతుంది, ఐసోప్రొపైల్ భాగానికి కుదరదు. చల్లగా ఉన్నప్పుడు నీటి అణువులు ఐసోప్రొపైల్ చుట్టూ కూడా ఒక వరుసలో సర్దుకుని నిలబడతాయి. వేడెక్కేకొద్దీ ఆ వరుస చెదిరిపోతుంది, నీటికి నచ్చని భాగాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మధ్యలో ఉన్న నీళ్లు బయటికొస్తాయి. ఈ మార్పు సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కొన్ని డిగ్రీల తేడాలోనే జరిగిపోతుంది. వేడికి ఉబ్బే జెల్‌లు కూడా లేకపోలేదు. పాలీఅక్రిలమైడ్, పాలీఅక్రిలిక్ ఆమ్లం ఒకదానిలో ఒకటి అల్లుకున్న జెల్ అలాంటిదే. కానీ నీళ్లు తీసేయడానికి ఎక్కువగా వాడేది చల్లగా ఉబ్బే రకాన్నే.

నా ద్రావణానికి ఇది పనికొస్తుందా?

మీ పదార్థం అణుభారం చెప్పండి, సగం జవాబు అక్కడే ఉంది. వంటఉప్పు 58, చక్కెర 342: ఇవి నీళ్లతో పాటే లోపలికి వెళ్లిపోతాయి, గాఢత పెరగదు. వెయ్యి నుంచి కొన్ని వేల వరకు ఉన్నవి సగంసగం వెళ్తాయి, ఫలితమూ అరకొరగానే ఉంటుంది. పశువుల రక్తం నుంచి తీసే ఆల్బుమిన్ అణుభారం సుమారు 66,000. అలాంటి ప్రోటీన్లు, పెద్ద ఎంజైములు, డెక్స్‌ట్రాన్‌లు (చక్కెర అణువుల పొడవాటి గొలుసులు), లేటెక్స్ కణాలు, మెత్తటి పొడి కలిసిన బురద లాంటివైతే చాలావరకు బయటే ఉంటాయి.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. బ్లూ డెక్స్‌ట్రాన్ అనే రంగు పాలిమర్ అణుభారం సుమారు 20 లక్షలు. పలచటి నీలం ద్రావణంలో ఎండు గింజలు వేసి, గాజు గ్లాసులో పక్కనుంచి చూస్తూ ఉండండి. గింజలు గాజుపూసల్లా తేటగా ఉబ్బుతాయి, వాటి చుట్టూ ఉన్న నీలం క్రమంగా ముదురుతుంది. పద్ధతి మొత్తం ఆ గ్లాసులో కనిపించేస్తుంది. కొత్తగా చేరినవాళ్లకు నేను పాఠం చెప్పను, ఇదే చూపిస్తాను.

సముద్రపు నీళ్లలో వేస్తే ఉప్పు వదిలేసి మంచినీళ్లే తాగుతుందా?

తాగదు. ఉప్పు కూడా జెల్ లోపలికి వెళ్తుంది, వేడిచేస్తే ఉప్పునీళ్లే బయటికొస్తాయి. మధ్యలో ఉప్పును ఆపే పొర ఒకటి పెడితే మాత్రం కథ వేరు. పొరకు ఒకవైపు ఉప్పునీళ్లు, రెండోవైపు జెల్ ఉంచితే, జెల్ పొర గుండా నీటిని లాక్కుంటుంది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ఈ దారి చూపించారు. అక్కడ ఉప్పును ఆపుతున్నది పొర, జెల్ కాదు.

డైపర్లలో ఉండే జెల్ బోలెడు నీళ్లు తాగుతుంది కదా, అదే వాడితే?

తాగుతుంది, కానీ కక్కదు. అది సోడియం పాలీఅక్రిలేట్. శుద్ధమైన నీటిలో తన బరువుకు వందల రెట్లు పీల్చుకుంటుంది, వేడిచేసినా వదలదు. పైగా దానికి విద్యుదావేశం ఉంది కాబట్టి ద్రావణంలో ఉప్పు ఉంటే తాగే శక్తి బాగా పడిపోతుంది. ధనావేశం ఉన్న ప్రోటీన్లను అంటించుకుంటుంది కూడా. ఒక్కసారి వాడి పారేసేదానికైతే సరే. ప్రోటీన్ ప్రయోగశాలల్లో పొడి సెఫాడెక్స్ (డెక్స్‌ట్రాన్‌తో చేసిన జెల్ గింజలు) వేసి చిక్కబరచడం ఎప్పటినుంచో ఉన్న పని, అదీ ఈ కోవలోదే.

ఈ ఆలోచన ఎవరిది?

ఒక్కరిది కాదు. పీనైపామ్ నీటిలో వేడికి విడిపోతుందని 1968లో హెస్కిన్స్, గిలెట్ రాశారు. జెల్‌లు చిన్న మార్పుకే హఠాత్తుగా ముడుచుకుపోగలవని 1978లో ఎంఐటీలో తోయోఇచి తనాకా చూపించారు. దాన్ని ద్రావణాలు చిక్కబరచే పనికి మళ్లించినది మినెసోటా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ కస్లర్ బృందం. 1984లో వాళ్లు వాడిన జెల్ ఆమ్లంతో ముడుచుకునేది. ప్రతిసారీ ఆమ్లం, క్షారం పోయడం తలనొప్పి కాబట్టి, 1987 నాటికి ఫ్రైటాస్‌తో కలిసి వేడితో పనిచేసే జెల్‌కు వచ్చారు.

అల్ట్రాఫిల్ట్రేషన్ ఉండగా ఇదెందుకండీ?

అల్ట్రాఫిల్ట్రేషన్ అంటే ద్రావణాన్ని పంపు ఒత్తిడితో సన్నటి కన్నాల పొర గుండా తోయడం. అది ఉంటే చాలాసార్లు జెల్ అవసరం లేదు. మీ దగ్గర పొర, పంపు ఉండి, ద్రావణం పొరను మూసేయకుండా సాఫీగా వెళ్తుంటే అదే చేసుకోండి. జెల్ అక్కరకొచ్చే సందర్భాలు కొన్నే. పంపు తాకిడికి పాడయ్యే సున్నితమైన ఎంజైములు, పొర కన్నాల్ని నిమిషాల్లో మూసేసే బురద లాంటి ద్రవాలు, ఒత్తిడి పరికరాలేవీ లేకుండా బీకరు, జల్లెడతో పని కానివ్వాల్సిన చోట్లు. మెత్తటి బొగ్గు కలిసిన బురద నుంచి నీళ్లు తీయడానికి కూడా దీన్ని ప్రయత్నించారు.

## జెల్ ఎంపిక, తయారీ

పీనైపామ్ ఒక్కటేనా, వేరేవి లేవా?

ఉన్నాయి. పాలీ వినైల్ మిథైల్ ఈథర్ 30ల మధ్యలో మారుతుంది, దాన్ని గామా కిరణాలతోనో ఎలక్ట్రాన్ పుంజంతోనో జెల్‌గా మారుస్తారు. హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ 40 దాటాక మారుతుంది. సెల్యులోజ్ నుంచి వచ్చింది కాబట్టి కొందరు దానివైపు మొగ్గుతారు. పాలీ ఎన్-వినైల్ కాప్రొలాక్టమ్ మారేది కూడా 30ల్లోనే. పీనైపామ్‌లోనే మార్పు ఉష్ణోగ్రతను జరుపుకోవచ్చు: నీటిని ఇష్టపడే అక్రిలమైడ్ కొంచెం కలిపితే పైకి, నీరంటే పడని బ్యుటైల్ మెథాక్రిలేట్ కలిపితే కిందికి. ఎక్కువ కలిపేస్తే మార్పు పదును పోతుంది. టక్కున ముడుచుకోవాల్సింది మెల్లగా, పది పదిహేను డిగ్రీల పొడవునా నీరసంగా ముడుచుకుంటుంది.

సొంతంగా ఎలా చేసుకోవాలి?

ప్రయోగశాలల్లో బాగా తిరిగిన కొలత ఇది. 100 మి.లీ. నీటిలో నైపామ్ మోనోమర్ (పీనైపామ్ గొలుసు కట్టే చిన్న అణువు) 7.8 గ్రాములు, క్రాస్‌లింకర్‌గా, అంటే గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేయడానికి, మిథిలీన్ బిస్‌అక్రిలమైడ్ 0.133 గ్రాములు, చర్యను వేగిరపరిచే టెమెడ్ 0.24 మి.లీ. కలపాలి. నత్రజనిని బుడగలుగా పంపి ఆక్సిజన్‌ను తరిమేయాలి. పాత్రను ఐసునీళ్లలో పెట్టి, చివర్లో చర్యను మొదలుపెట్టే అమ్మోనియం పర్‌సల్ఫేట్ 40 మి.గ్రా. వేసి, కదపకుండా వదిలేయాలి. గడ్డకట్టాక రోజుల తరబడి నీళ్లు మారుస్తూ కడగాలి. మిగిలిపోయిన మోనోమర్ పోవాలంటే దీనికి దగ్గరదారి లేదు. చల్లటి నీళ్లతో ఒకసారి, వెచ్చటి నీళ్లతో ఒకసారి మార్చి మార్చి కడిగితే జెల్ ఉబ్బుతూ ముడుస్తూ తనను తానే పిండుకుంటుంది, త్వరగా శుభ్రపడుతుంది.

మోనోమర్‌తో జాగ్రత్త. అక్రిలమైడ్ కుటుంబానికి చెందినది, నరాలకు హాని చేసే గుణం ఉన్న కుటుంబం అది. చేతి తొడుగులు, పొగగూడు (ఫ్యూమ్ హుడ్) లేకుండా ముట్టుకోకండి.

నా జెల్ పాలలా తెల్లగా వచ్చింది. పాడైపోయినట్టేనా?

గడ్డకట్టేటప్పుడు వేడెక్కిపోయింది. ఈ చర్య వేడిని పుట్టిస్తుంది, పాత్రను చల్లగా ఉంచకపోతే మధ్యభాగం 32 డిగ్రీలు దాటిపోతుంది. అప్పుడు గొలుసులు తయారవుతూనే ముడుచుకుని, ముద్దలుముద్దలుగా అతుక్కుంటాయి. చల్లబరిచినా ఆ తెలుపు పూర్తిగా పోదు. తేటగా ఒకేరీతిగా ఉన్న జెల్ కావాలంటే మళ్లీ చేసుకోవాల్సిందే. కానీ పారేసే ముందు ఒకసారి వాడి చూడండి. ఇలా వచ్చిన జెల్‌లో పెద్ద కన్నాలుంటాయి, తేట జెల్ కంటే చాలా వేగంగా ఉబ్బి ముడుస్తుంది. కావాలనే ఇలా చేసేవాళ్లున్నారు. చిక్కల్లా ఒక్కటే: ఆ పెద్ద కన్నాల్లోకి మీ ప్రోటీన్ కూడా దూరిపోవచ్చు.

రాత్రంతా ఉంచినా గడ్డకట్టలేదు

పదింటికి తొమ్మిదిసార్లు ఆక్సిజనే కారణం. నత్రజని ఇంకాసేపు పంపండి, మూత బిగించండి. అప్పటికీ కాకపోతే పర్‌సల్ఫేట్ పాతబడిందేమో చూడండి. తేమ పట్టినది పనిచేయదు.

క్రాస్‌లింకర్ ఎంత వేస్తే మంచిది?

తక్కువ వేస్తే జెల్ ఎక్కువ నీళ్లు తాగుతుంది, కానీ మెత్తగా, చేత్తో పట్టుకుంటే జారిపోయేలా ఉంటుంది, కన్నాలు కూడా పెద్దవి. ఎక్కువ వేస్తే గట్టిగా ఉంటుంది, పెద్ద అణువుల్ని బాగా ఆపుతుంది, కానీ తాగేది తక్కువ. మోనోమర్ బరువులో ఒకటి నుంచి మూడు శాతం మధ్య మొదలుపెట్టి చూసుకోండి. నన్నడిగితే తాగడం కాస్త తగ్గినా గట్టి జెల్‌నే ఎంచుకుంటాను. మెత్తటి గింజలు వడకట్టేటప్పుడు నలిగి, జల్లెడకు బంకలా అంటుకుని విసిగిస్తాయి.

గింజలు ఎంత సైజులో ఉండాలి?

ఈ పనిలో అసలు తగవు ఇక్కడే. వేగం కావాలంటే గింజ చిన్నదై ఉండాలి, సరుకు పోకూడదంటే పెద్దదై ఉండాలి.

వేగం సంగతి చూడండి. ఉబ్బడానికి పట్టే సమయం వ్యాసార్థం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. జెల్ అల్లిక నీటిలో కదిలే వేగాన్ని సెకనుకు చదరపు సెంటీమీటరులో కోటికి మూడు వంతులుగా తీసుకుని లెక్కేస్తే, ఉబ్బిన వ్యాసార్థం 5 మి.మీ. ఉన్న ముక్కకు ఒక విడతకే, అంటే ఉబ్బడంలో పెద్దభాగం పూర్తవడానికే, దాదాపు ఒక రోజు పడుతుంది. అర మి.మీ. గింజకు 14 నిమిషాలు, 0.1 మి.మీ. గింజకు అర నిమిషం. పూర్తిగా ఉబ్బడానికి ఇలాంటి విడతలు మూడు నాలుగు కావాలి.

ఇక నష్టం సంగతి. ఎంత వడకట్టినా ప్రతి గింజ ఒంటికి ఒక సన్నటి ద్రవపు పొర అంటుకునే ఉంటుంది. దాని మందం 10 మైక్రాన్లు (మి.మీ.లో నూరో వంతు) అనుకుందాం. అర మి.మీ. వ్యాసార్థం ఉన్న గింజల మీద ఆ పొర మొత్తం గింజల ఘనపరిమాణంలో 6 శాతం. 0.1 మి.మీ. గింజల మీదైతే 30 శాతం! అది పలచటి ద్రావణం కాదు, మీరు కష్టపడి చిక్కబరచిన సరుకు. అందుకే ఉబ్బాక 1 మి.మీ. వ్యాసం దగ్గర ఉండే గింజలు మధ్యేమార్గంగా నాకు బాగా కుదిరాయి. పలక జెల్‌ను నలగ్గొట్టి వాడేవాళ్లు మాత్రం పొడిని జల్లించి పారేయండి. గుప్పెడు పొడి చాలు, వడకట్టు కాగితం మూసుకుపోతుంది.

## చిక్కబరచేటప్పుడు

ఎంత ద్రావణానికి ఎంత జెల్ వేయాలి?

ముందు మీ జెల్ ఎంత తాగుతుందో మీ ద్రావణంలోనే, మీరు పనిచేసే ఉష్ణోగ్రతలోనే కొలవండి. గ్రాము ఎండు జెల్‌కు 12 గ్రాముల నీళ్లు అనుకుందాం. లీటరు ద్రావణంలో 5 గ్రాముల ప్రోటీన్ ఉంది. 40 గ్రాముల ఎండు జెల్ వేస్తే 480 మి.లీ. తాగుతుంది, 520 మి.లీ. మిగులుతుంది. ప్రోటీన్ ఒక్క గ్రాము కూడా లోపలికి పోలేదనుకుంటే గాఢత లీటరుకు 9.6 గ్రాములు. అంతే లెక్క. శుద్ధమైన నీటిలో కొలిచిన అంకెను బఫర్ (ఆమ్లత మారకుండా లవణాలు కలిపిన) ద్రావణానికి వాడితేనే తప్పుతుంది.

లెక్క ప్రకారం రావలసింది రాలేదు. ఎక్కడ పోయింది?

ముందు రెండు కొలవండి: మిగిలిన ద్రవం గాఢత ఒకటి, దాని మొత్తం పరిమాణం ఒకటి. చాలామంది ఒక్కటే కొలిచి తల పట్టుకుంటారు.

గాఢత సరిగ్గా ఉండి పరిమాణం తక్కువైతే, సరుకు గింజల మధ్య ఇరుక్కుంది. దీన్ని తక్కువ అంచనా వేయొద్దు. 40 గ్రాముల జెల్ 480 మి.లీ. తాగి ఉబ్బితే గింజలే సుమారు 520 మి.లీ. అవుతాయి. గుండ్రటి గింజల్ని గుట్టగా పోస్తే గుట్టలో దాదాపు 36 శాతం ఖాళీ సందులే. అంటే ఆ సందుల్లో 290 మి.లీ. ద్రవం నిలవగలదు. మిగిలినదే 520 మి.లీ. అయితే, గుట్ట తడిగా వదిలేసినప్పుడు సగం కంటే ఎక్కువ సరుకు అక్కడే ఉండిపోయినట్టు. మొదటిసారి నేను చేసింది అదే. జల్లెడలో పోసి, కారడం ఆగాక చాల్లే అనుకున్నాను. అయిదు గ్రాములు ఉండాల్సిన చోట రెండున్నర కూడా లేదు. జెల్ ప్రోటీన్‌ను మింగేస్తోందని నోట్‌బుక్‌లో రాసుకుని రెండు వారాలు తప్పుదారిలో తిరిగాను. ఎవరో వచ్చి సక్షన్ పెట్టి లాగితే, గ్లాసులోకి గలగలా కారింది.

సక్షన్‌తోనో, తక్కువ వేగం సెంట్రిఫ్యూజ్‌తోనో లాగేయండి. తర్వాత కొద్దిపాటి చల్లటి బఫర్‌తో గింజల్ని ఒకసారి తడిపి మళ్లీ లాగండి. ఆ కడుగు నీళ్లను సరుకులో కలపకుండా, తర్వాతి విడత పలచటి ద్రావణంలో కలిపేసుకోండి.

పరిమాణం సరిగ్గా ఉండి గాఢత తక్కువైతే, మీ పదార్థం జెల్ లోపలికి పోతోంది, లేదా గింజలకు అంటుకుంటోంది. రెండూ తక్కువైతే రెండు తప్పులూ ఉన్నట్టు. పనితీరును ఒక్క అంకెలో చెప్పాలంటే నిజంగా పెరిగిన గాఢతను పెరగాల్సిన గాఢతతో భాగించి వందతో గుణించండి. మంచి జెల్, పెద్ద ప్రోటీన్ అయితే 90 దాటాలి.

ఎండు జెల్ వేయాలా, వేడికి ముడుచుకున్న తడి జెల్ వేయాలా?

ముడుచుకున్న జెల్‌లో కూడా గ్రాము పాలిమర్‌కు సుమారు గ్రాము నీళ్లు మిగిలే ఉంటాయి. కాబట్టి 12 రెట్లు తాగే జెల్ 11 రెట్లే తాగుతుంది. ఆ ఒక్క వంతు కోసం ప్రతిసారీ ఎండబెట్టడం దండగ. పైగా పూర్తిగా ఎండిన గింజ గాజులా బిగుసుకుంటుంది, నీళ్లలో వేస్తే పైభాగం ముందు ఉబ్బి లోపలి గట్టి భాగం మీద చిట్లుతుంది. నేను తడిగానే వాడతాను. గింజలు వెచ్చగా ఉండగా సున్నితమైన ప్రోటీన్ మీద వేయొద్దు, ముందు చల్లారనివ్వండి. అయితే చల్లార్చడం నీళ్లలో కాదు. అలా చేస్తే మీ ద్రావణం తాగాల్సిన కడుపు నిండిపోతుంది.

ఎంతసేపు ఉంచాలి?

గింజ వ్యాసం 1 మి.మీ. అయితే గంట. ముక్కలు సెంటీమీటరు ఉంటే రోజులు. నెమ్మదిగా కలుపుతూ ఉండండి, గట్టిగా గిలక్కొడితే గింజలు విరిగి పొడి తయారవుతుంది.

నా బఫర్‌లో ఉప్పు ఉంది, జెల్ సరిగ్గా ఉబ్బడం లేదు

ఉప్పు జెల్ మారే ఉష్ణోగ్రతను కిందికి లాగుతుంది. లీటరుకు ఒక మోల్ వంటఉప్పు ఉంటే సుమారు 10 డిగ్రీలు దిగిపోతుంది. అంటే 25 డిగ్రీల గదిలో మీ జెల్ అప్పటికే ముడుచుకుని కూర్చుంది. సల్ఫేట్లు ఇంకా మొండివి, అదే మోతాదులో ఇంకా ఎక్కువ లాగుతాయి. అమ్మోనియం సల్ఫేట్‌తో ప్రోటీన్‌ను దించి, ఆ ద్రవాన్ని తిన్నగా జెల్ మీద పోసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ముందు డయాలిసిస్ చేసి (పొర గుండా ఉప్పును బయటి నీళ్లలోకి పోనిచ్చి) ఉప్పు తీసేయండి, లేదా అయిదు పది డిగ్రీల్లో పనిచేయండి. థయోసయనేట్ లాంటి కొన్ని లవణాలు తక్కువ మోతాదులో దీనికి వ్యతిరేకంగా పనిచేస్తాయి. ఎస్‌డీఎస్ డిటర్జెంట్ జెల్ గొలుసులకు అంటుకుని మార్పు ఉష్ణోగ్రతను పైకి నెడుతుంది. అది ఉన్న ద్రావణంలో జెల్ బాగా ఉబ్బుతుంది, కానీ 40 డిగ్రీలకు వేడిచేసినా ముడుచుకోకుండా ఏడిపిస్తుంది.

కొంచెం మిథనాల్ ఉంటే పర్వాలేదా?

పర్వా ఉంది, జాగ్రత్త. ఈ జెల్ నీటిలోనూ ఉబ్బుతుంది, మిథనాల్‌లోనూ ఉబ్బుతుంది, రెండూ కలిపితే ముడుచుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకింకా వింతగానే ఉంటుంది.

ఒకే దెబ్బకు పది రెట్లు చిక్కబరచొచ్చా?

కాగితం మీద వీలే. లీటరులో 900 మి.లీ. తీయాలి, 12 రెట్లు తాగే జెల్ 75 గ్రాములు చాలు. కానీ ఉబ్బిన గింజలు దాదాపు 975 మి.లీ. అవుతాయి, వాటి మధ్య సందులే 550 మి.లీ. దాకా ఉంటాయి. మీకు మిగలాల్సింది 100 మి.లీ. వేరుగా పోసుకోవడానికి ద్రవమే కనిపించదు, అంతా గింజల ఒంటికి తడిగా అంటుకుని ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టవుతుంది.

రెండు రెట్ల చొప్పున మూడు నాలుగు విడతలుగా చేయండి. విడతకు 6 శాతం పోయినా మూడు విడతల తర్వాత 83 శాతం చేతిలో ఉంటుంది, ఎనిమిది రెట్లు చిక్కబడుతుంది. చివరి విడతల్లో ఇంకో సంగతి గమనిస్తారు: ద్రావణం చిక్కబడేకొద్దీ దాని ఆస్మాటిక్ పీడనం (నీటిని తనవైపు లాక్కునే బలం) జెల్‌తో నీటి కోసం పోటీపడుతుంది. మొదట 12 రెట్లు తాగిన జెల్ తర్వాత 10 రెట్లకో 9 రెట్లకో ఆగిపోతుంది. జెల్ పాడైందని కంగారుపడకండి.

## జెల్‌ను మళ్లీ వాడుకోవడం

వేడిచేసినా నీళ్లు బయటికి రావట్లేదు, గింజలకు పొక్కులు లేచాయి

ఒక్కసారిగా వేడి చేశారు. మరిగే నీళ్లలోనో 60 డిగ్రీల ఓవెన్‌లోనో పడేస్తే గింజ పైపొర క్షణాల్లో ముడుచుకుని తోలులా బిగుసుకుంటుంది. లోపలి నీళ్లకు దారి ఉండదు, అవి పొరను బయటికి తోసి పొక్కుల్లా ఉబ్బుతాయి. పాలలా తెల్లబడిన గింజ మీద చిన్న చిన్న నీటి బుడగలు లేచినట్టు కంటికే కనిపిస్తుంది. అలాగే వదిలేస్తే గంటల తరబడి మెల్లగా కారుతుంది. మళ్లీ చల్లార్చి, ముందు 33, 34 డిగ్రీల దగ్గర కాసేపు ఆపి, తర్వాత 40కి తీసుకెళ్లండి. ఇక్కడ నిదానమే ప్రధానం. గింజలు చిన్నవైతే ఈ బాధ తక్కువ.

ఎన్ని డిగ్రీలకు వేడిచేయాలి?

40 చాలు. 50 దాటి వేడిచేసినా అదనంగా వచ్చే నీళ్లు కొద్దే, వేడి మాత్రం దండగ.

బయటికొచ్చిన నీళ్లు శుద్ధమైనవేనా?

కావు. బఫర్ లవణాలు, చక్కెరలు, మిగిలిన చిన్న అణువులన్నీ అందులో ఉంటాయి. కొత్త జెల్ అయితే మోనోమర్ అవశేషాలు కూడా ఉండొచ్చు. ఒకసారి ఆ నీటిలో ప్రోటీన్ ఎంతుందో కొలిచి చూడండి, మీ జెల్ ఎంత బాగా వడపోస్తోందో అదే చెబుతుంది.

ఎన్నిసార్లు వాడొచ్చు? నాది జిగటగా తయారైంది

రసాయనికంగా జెల్ గట్టిదే, ఉబ్బడం ముడవడం పదులసార్లు బాగానే చేస్తుంది. దాన్ని చంపేది మురికి. వెచ్చటి జెల్ ఉపరితలం నీటికి దూరంగా ఉండే స్వభావానికి మారుతుంది, ప్రోటీన్ దగ్గరుంటే పట్టేసుకుంటుంది. చిక్కబడిన ద్రవాన్ని పూర్తిగా లాగేసి, చల్లటి నీటితో కడిగాకే గింజల్ని వేడిచేయండి. కడగకుండా వేడిచేస్తే గింజ మీద మిగిలిన ప్రోటీన్ పొరలా అతుక్కుని, తర్వాతి విడతలో నీటికి అడ్డుపడుతుంది. వాడనప్పుడు తడిగా వదిలేస్తే బూజు పడుతుంది. కొంచెం సోడియం అజైడ్ కలిపిన చల్లటి నీటిలో ఉంచండి. అజైడ్ విషమని సీసా మీద రాసి పెట్టండి, మళ్లీ వాడే ముందు బాగా కడగండి.

## పెద్దఎత్తున చేయాలంటే

ఆవిరి చేయడం కంటే నిజంగా ఖర్చు తక్కువా?

వేడి లెక్కలో చాలా తక్కువ. కిలో నీటిని 100 డిగ్రీల దగ్గర ఆవిరి చేయడానికి దాదాపు 2,260 కిలోజౌళ్లు కావాలి. అదే కిలో నీటిని జెల్‌లో 20 నుంచి 40 డిగ్రీలకు తేవడానికి 84 కిలోజౌళ్లు చాలు. గొలుసులు ముడుచుకోవడానికి పట్టే వేడి దీని ముందు స్వల్పం. పైగా 40 డిగ్రీల వేడి అంటే యంత్రాల నుంచి వృథాగా పోయే వెచ్చటి నీళ్లతోనే సరిపోతుంది. కాకపోతే 27 రెట్ల ఆదా అని బోర్డు పెట్టేయకండి. జెల్‌ను ప్రతిసారీ తిరిగి చల్లార్చాలి, ఆవిరి ప్లాంట్లు ఒకే ఆవిరిని నాలుగైదు మెట్లలో మళ్లీ మళ్లీ వాడుకుంటాయి, అల్ట్రాఫిల్ట్రేషన్‌కు వేడే అక్కర్లేదు.

మరి ఫ్యాక్టరీల్లో ఎందుకు కనిపించదు?

జెల్ గింజల్ని ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకు విరగకుండా తరలించడం, ఒంటికంటిన ద్రవాన్ని లాగడం, కడగడం, చల్లార్చడం, ఇదంతా రోజంతా ఆగకుండా జరగాలి. పొరల పద్ధతిలో పంపు తిప్పితే చాలు. సోయా ప్రోటీన్‌ను ఇలా చిక్కబరచవచ్చని కస్లర్ బృందమే 1980ల చివర్లో చూపించింది. జెల్ పనిచేయక కాదు, దాని చుట్టూ ఉన్న చాకిరీ ఎక్కువై వెనకబడింది. జెల్‌ను ఒకేచోట కదలకుండా ఉంచి, ద్రావణాన్నే చల్లగా, తర్వాత వెచ్చటి నీటిని దాని గుండా పంపే ఏర్పాటు చేసేవాళ్లకు కొంత చాకిరీ తప్పుతుంది.

తినే పదార్థాలకు వాడొచ్చా?

సొంతంగా చేసుకున్న పీనైపామ్‌తో వద్దు. గట్టిపడిన పాలిమర్‌తో కంటే అందులో మిగిలిపోయిన మోనోమర్‌తోనే భయం. ఎంత కడిగారో కొలిచి నిరూపించాలి, అది ఇంట్లోనో కాలేజీ ల్యాబ్‌లోనో తేలే పని కాదు.

పాడైపోయిన జెల్‌ను ఎక్కడ పారేయాలి?

సింకులో మాత్రం కాదు. ఇది త్వరగా కుళ్లి మట్టిలో కలిసేది కాదు కూడా. వెచ్చబెట్టి నీళ్లు కక్కించి, ఎండబెట్టి, ల్యాబ్ రసాయన వ్యర్థాల డబ్బాలో వేయండి. ఒకసారి మా దగ్గర జల్లించిన ఎండు పొడిని ఎవరో కుళాయి కింద కడిగేశారు. అది పైపు వంపులో కూర్చుని చల్లటి నీళ్లు తాగి ఉబ్బింది, సింకు నిండిపోయింది. ప్లంబర్‌కు ఫోన్ చేయబోతుంటే, ఇంకొకరు కెటిల్‌లో నీళ్లు వేడిచేసుకొచ్చి పోశారు. రెండు నిమిషాల్లో బుడబుడమంటూ దిగిపోయింది.